లోతుగా కోసిన గాడులు

డ్రైవరు అబద్ధమాడుతున్నాడని డిటెక్టివ్‌కి ఉదయం తొమ్మిదీ ఇరవైకి తెలిసింది. అప్పటిదాకా ఆ మనిషి అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెప్పాడు.

ఎముకల వార్డులో చివరి మంచం. రెండు కాళ్లకీ తొడలదాకా కట్టు. తోటి డ్రైవర్లు అతనికి పెట్టిన ముద్దుపేరు తాబేలు. పదిహేడేళ్లుగా ట్రావెల్స్ కారు నడుపుతున్నా ఒక్కసారి కూడా ఎవరినీ హారన్ కొట్టి పక్కకి తప్పించి ఎరగడు. అలాంటివాడు నూట ఇరవై వేగంతో వెళ్లి, వంతెన ముందు డివైడరుని గుద్ది, వెనక సీట్లో కూర్చున్న పిల్లల డాక్టరమ్మ ప్రాణం తీశాడని పోలీసులు రాసిపెట్టారు. ఆ రాత నిలబడితే తాబేలు ఏళ్ల తరబడి జైల్లో ఉంటాడు. అది అబద్ధమని తేల్చమంటూ అతని భార్య, కుట్టుమిషన్ మీద బతికే మనిషి, డిటెక్టివ్ ఇంటి మెట్ల మీద రెండు రోజులు కూర్చుంది.

"టోల్‌గేటు ఎన్నింటికి దాటావు?" డిటెక్టివ్ అడిగాడు.

"రెండూ ముప్పై ఒకటికి సార్. చీటీ డాక్టరమ్మకిచ్చాను. ఆవిడ పర్సులో పెట్టుకున్నారు."

"ఆ తర్వాత ఎక్కడైనా ఆపావా?"

"లేదు సార్. ఆవిడ కూతురితో ఫోన్లో మాట్లాడుతున్నారు. మాటలు వినపడవని ఇంకా నింపాదిగానే పోనిచ్చాను."

"టైరు పేలిందా?"

"పేలలేదు. ముందు దడదడ మొదలైంది. వెనక ఎడమ చక్రం దగ్గర, కింద ఎవరో చెప్పుతో కొడుతున్నట్టు. పక్కకి తీసి చూద్దామనుకునే లోపలే టైరు తోలు మొత్తం ఊడొచ్చేసింది. బండి ఇంక నా మాట వినలేదు."

చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరమ్మ తాబేలు చిన్నకూతురికి జ్వరమొస్తే మందిచ్చిన మనిషని అంతకుముందే చెప్పాడు.

"ఆ టైర్లు ఎప్పుడు వేశారు?"

"ప్రమాదానికి పన్నెండు రోజుల ముందు. నాలుగూ మార్చారు."

"ఎక్కడ?"

ఇక్కడే మాటల బండి ఆగింది. తాబేలు మంచం పక్కన బల్లమీది నీళ్ల సీసా వంక చూశాడు. తర్వాత భార్య వంక చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"ఓనరు మనిషి తీసుకెళ్లి మార్పించుకొచ్చాడు సార్. ఎక్కడో నాకు తెలీదు."

"బండి తాళం దేవుడడిగినా ఇవ్వవని మీ ఆవిడ చెప్పింది."

"ఆరోజు ఇచ్చాను."

"ఎవర్ని కాపాడుతున్నావయ్యా?" భార్య తడిగుడ్డ పక్కన పెట్టేసి అడిగింది. "ఆ ఓనర్నా? ఎనిమిది రోజులైంది, మనిషొచ్చి తొంగి చూశాడా? చెప్పు, ఎక్కడ మార్చారో."

తాబేలు కళ్లు మూసుకున్నాడు.

"నన్ను వదిలెయ్యండి సార్. పోయిన ప్రాణం ఎలాగూ రాదు. శిక్ష పడితే పడనివ్వండి."

భయంతో నోరు మూసుకున్నవాళ్లని డిటెక్టివ్ చాలామందిని చూశాడు. వాళ్లు గుమ్మం వైపు చూస్తారు. ఇతను పెళ్లాం వైపు చూశాడు. అది అతనికి మింగుడుపడలేదు.

*

పదీ యాభైకి పోలీసుస్టేషన్ వెనక ఆవరణలో ఉన్నాడు. తుక్కైన కారు రేకుల షెడ్డు కింద పడి ఉంది. ఇన్‌స్పెక్టరు చేతులు వెనక్కి కట్టుకుని తయారుగా నిలబడ్డాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే బ్యాచిలో శిక్షణ పొందినవాళ్లు. ఒకడు ఉద్యోగం వదిలేశాడు, ఇంకొకడు వదల్లేదు. ఎవరు తెలివైన పని చేశారన్న వాదన పాతికేళ్లుగా తెగలేదు.

"వచ్చావా టార్చిలైటూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పగటిపూట నీకేం పని?"

"పగలు కూడా కళ్లు మూసుకునేవాళ్లున్నారుగా."

"స్పీడోమీటరు చూసుకో. ముల్లు నూట ఇరవై మీద ఇరుక్కుంది. ఇంక నీకు సాక్ష్యం దేనికి?"

"గుద్దిన ఊపుకి ముల్లు ఎగిరి ఎక్కడైనా పడుతుంది. కావాలంటే నీ జీపుని గోడకి కొట్టి చూడు." డిటెక్టివ్ జేబులోంచి నోటుబుక్కు తీశాడు. "టోల్‌గేటు చీటీ మీద టైము రెండూ ముప్పై ఒకటి. డాక్టరమ్మ కూతురి ఫోను తెగిపోయింది రెండూ యాభై రెండుకి. గేటు నుంచి వంతెనకి ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఇరవై ఒక్క నిమిషాల్లో ఇరవై ఒక్క కిలోమీటర్లు. గంటకి ఎంత వేగమో నీ రైటరునడుగు."

"మధ్యలో నింపాదిగా పోయి చివర్లో దూకించి ఉంటాడు."

"కూతురు ఫోన్లోనే ఉంది. అమ్మ గొంతులో తేడా లేదంది. బండి దూకిస్తే వెనక కూర్చున్న డాక్టరమ్మ ఊరుకుంటుందా?"

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు జవాబు కోసం ఆగకుండా టార్చి వెలిగించి కారు కిందికి దూరాడు.

వెనక ఎడమ చక్రానికి తోలు లేదు. పక్కగోడలు మాత్రం రిమ్ముని పట్టుకుని వేలాడుతున్నాయి. బయటివైపు నల్లటి పాలిష్ నిగనిగలాడుతోంది. టైరు పుట్టిన తేదీని కంపెనీవాళ్లు ఒక పక్కగోడ మీదే పూర్తిగా అచ్చువేస్తారు. బయటివైపు అది లేదు. లోపలివైపు మట్టి గీకాడు. నాలుగంకెలు కనిపించాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైరు వయసు పన్నెండేళ్ల నాలుగు నెలలు. మిగతా మూడు చక్రాలకీ పాకి చూశాడు. అన్నిటికీ తేదీ లోపలివైపే ఉంది. ఒకటి పదకొండేళ్లది, రెండు పదమూడేళ్లవి. కొన్నవాడి కంట పడకుండా నాలుగు తేదీలూ లోపలికి తిప్పి బిగించడం ఏమరుపాటున జరిగే పని కాదు.

ఊడిన తోలు డిక్కీలో చుట్టచుట్టి పడేసి ఉంది.

"ఇది రోడ్డు మీద ఎక్కడ దొరికింది?"

"డివైడరుకి ఎనభై మీటర్ల ఇవతల," అని కానిస్టేబులు గీసిన పటం చూసి ఇన్‌స్పెక్టరే చెప్పాడు. చెప్పాక తప్పు చేశానేమోనన్నట్టు మొహం పెట్టాడు.

"అంటే తోలు ముందు ఊడింది. గుద్దడం తర్వాత."

డిటెక్టివ్ ఆ తోలుని నేల మీద పరిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. గాడులు లోతుగా, కొత్తగా ఉన్నాయి. చూసినవాడెవడైనా కొత్త టైరనే అనుకుంటాడు. ప్రతి టైరుకీ గాడి అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు కట్టలుంటాయి. అరిగి అరిగి టైరు ఆ కట్టల మట్టానికి వచ్చిందంటే ఇంక మార్చెయ్యమని అర్థం. ఈ తోలు మీద కట్టలు ఒక్కటీ లేవు. వాటిని కూడా కోసుకుంటూ పోయింది ఏదో వేడి కత్తి. గుండైపోయిన టైరు మీద కొత్త గాడులు చెక్కారు. రెండుచోట్ల కత్తి ఎంత లోతుకి దిగిందంటే లోపలి ఉక్కు తీగలు బయటపడి తుప్పు పట్టాయి. అంచున ఉన్న అడ్డగీతల చివర, కత్తి పైకి లేపేటప్పుడు మణికట్టు తిరిగినట్టు, చిన్న కొక్కెం మిగిలింది. ప్రతి గీత చివరా అదే కొక్కెం, అదే వంపు. డిటెక్టివ్ దాన్ని దగ్గరగా నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. ఒక మనిషి చేతిరాత దొరికినట్టే.

"టైరు పాతదే అనుకుందాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "బండెక్కే ముందు చూసుకోవాల్సింది డ్రైవరే. అయినా వాడే తప్పు."

"తేదీలు లోపలికి తిప్పి బిగిస్తే బండి కింద పడుకుని చూడాలా రోజూ?"

"అదంతా కోర్టులో చెప్పుకో. సాయంత్రం కోర్టు మూసేలోగా చార్జిషీటు పడుతుంది. మధ్యాహ్నం రెండున్నరకి వాణ్ణి జైలు ఆసుపత్రికి మారుస్తున్నాం. భార్యని తోడు రానిస్తున్నాను, నాకూ మనసుంది."

"మీ బండి రిపేరులో ఉందిగా. దేంట్లో?"

"ట్రావెల్స్ ఓనరే వాను పంపిస్తున్నాడు. అడిగిన వెంటనే సరేనన్నాడు పాపం."

"పాపమే. కేసు తన మీదికి రాకుండా చూసే మీకు వాను కూడా తనే సర్దాల్సి వచ్చింది."

ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డయింది. "బయటికి నడు," అన్నాడు. "ఇంకోసారి ఈ గేటు లోపల కనపడితే లోపలేస్తాను."

డిటెక్టివ్ నడిచాడు. వాను సంగతి అతని చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ఆ ఒక్క పొరపాటుకి తర్వాత తనని తాను చాలాకాలం తిట్టుకున్నాడు.

*

ట్రావెల్స్ గేటుకి ఎదురుగా కారులో రెండు గంటలు కాపు కాశాడు. ఒంటిగంటా నలభైకి ఒక ఆటోట్రాలీ బయటికొచ్చింది. వెనక ఎనిమిది గుండు టైర్లున్నాయి. డిటెక్టివ్ దాని వెంటపడ్డాడు. తుక్కు కొనేవాడి దగ్గరికి వెళ్లాల్సినవి ఊరి చివర గోడౌన్ల వెనక సందులోకి వెళ్లి, బోర్డు లేని ఒక షెడ్డులో దిగాయి. ట్రాలీ వెళ్లిపోయేదాకా ఆగి, రెండూ ముప్పై అయిదుకి డిటెక్టివ్ లోపలికెళ్లాడు.

కాలిన రబ్బరు వాసనకి గొంతు మండింది. ఒకవైపు గుండు టైర్లు, ఇంకోవైపు నిగనిగలాడే "కొత్త" టైర్లు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. మధ్యలో స్టూలు మీద ముప్పయ్యేళ్ల మనిషి ఒక టైరుని తొడల మధ్య పట్టుకుని గాడి కోస్తున్నాడు. చేతిలో కరెంటు కత్తి. కొసన వంచిన బ్లేడు ఎర్రగా కాలి ఉంది. రబ్బరు నల్లటి రిబ్బనులా లేచి వస్తోంది. పని మాత్రం ముచ్చటగా ఉందని ఒప్పుకోక తప్పలేదు.

"మంచి చెయ్యి," అన్నాడు డిటెక్టివ్.

"అందరూ అంటారు సార్." తలెత్తకుండానే నవ్వాడు కోతగాడు. గీత చివరికొచ్చి, మణికట్టు తిప్పి కత్తి పైకి లేపాడు. రబ్బరు మీద చిన్న కొక్కెం మిగిలింది.

డిటెక్టివ్ ఫోను తీసి ఫొటో అతని కళ్ల ముందు పెట్టాడు. "ఇది కూడా నీ చెయ్యే కదా?"

కోతగాడు కత్తి స్విచ్చి ఆపేశాడు. ఫొటో వంక చూశాడు. పారిపోతాడేమోనని డిటెక్టివ్ గుమ్మానికి అడ్డంగా జరిగాడు. కోతగాడు కదల్లేదు.

"బావ నడుస్తాడా సార్?" అన్నాడు.

డిటెక్టివ్‌కి పొద్దున వార్డులో మింగుడుపడనిది అప్పుడు దిగింది. తాబేలు భార్య వంక చూసి చూపెందుకు తిప్పుకున్నాడో అర్థమైంది.

"నువ్వు ఆవిడ తమ్ముడివా?"

"ఒక్కణ్ణే. అమ్మ పోయాక అక్కే పెంచింది. నేను కొత్త టైర్లు బిగించే కొట్లో పని చేస్తున్నాననుకుంటుంది. బావకి తెలుసు. ఆరోజు బండి తీసుకొచ్చింది బావే. ఇవన్నీ వద్దురా, మానెయ్యి అని ఎప్పుడూ అంటాడు. ఓనరు ఇవే వేయించుకోమన్నాడని తలొంచుకుని కూర్చున్నాడు. నీవి స్పెషల్‌గా చేశాలే బావా అన్నాను."

"స్పెషల్ అంటే?"

"ఓనరు మూడు మిల్లీమీటర్లు కొయ్యమంటాడు. లోతుగా ఉంటే రోడ్డుని బాగా పట్టుకుంటుంది, వానలో జారదు అనుకున్నాను. మా బావ బండి కదా అని అయిదు కోశాను."

ఈ వృత్తిలో అతను పగతో చంపినవాళ్లని చూశాడు, ఆశతో చంపినవాళ్లని చూశాడు. ప్రేమ కొద్దీ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ కోసినవాణ్ణి చూడటం ఇదే మొదలు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ రాలేదు.

"ఎండిపోయిన రబ్బరురా అది. పన్నెండేళ్లది. లోతుగా కోసేకొద్దీ తీగల మీద మిగిలేది కాగితమంత పొర."

"ఇప్పుడు తెలుసు సార్. ఓనరేమో మీ బావ స్పీడు వల్లే పోయింది, నీకేం సంబంధం లేదన్నాడు. నమ్మాలనిపించింది, నమ్మాను. బావ స్పీడుగా పోడని నాకు తెలిసి కూడా."

"అంత లోతుగా ఇంకెన్ని కోశావు?"

"ఒక్క సెట్టే సార్. బావ బండి టైర్లు చూసి ఓనరు మెచ్చుకున్నాడు. వానుకి కూడా అచ్చం ఇలాగే చెయ్యమన్నాడు. ఆ వారంలోనే బిగించాను. ప్రమాదం అయ్యాక వానుకి మార్చేద్దామంటే, అది ఊళ్లో మెల్లగా తిరిగేదే కదా, ఏం కాదన్నాడు."

"ఏ వాను?"

"మంచం పట్టిన పేషెంట్లని పడుకోబెట్టి తీసుకెళ్తారు కదా సార్, ఆ వాను."

డిటెక్టివ్ వాచీ చూసుకున్నాడు. రెండూ నలభై ఆరు. జైలు ఆసుపత్రి ఊరికి నలభై కిలోమీటర్ల అవతల, టోల్‌గేటు దాటాక. స్పీకరు పెట్టి ఫోను నొక్కాడు. ఇన్‌స్పెక్టరు కట్ చేశాడు. మళ్లీ నొక్కాడు, మళ్లీ కట్. మూడోసారి ఎత్తాడు.

"నీకు సిగ్గు లేదా?"

"వాను ఎక్కడుంది? స్పీడెంత?"

"హైవే మీద. తొంభై. నేనూ ఇందులోనే ఉన్నాను, వీళ్లని దింపి కోర్టుకి పోవాలి. నీకెందుకు?"

"కారుకున్న టైర్లే ఆ వానుకీ ఉన్నాయి. కోసినవాడు నా ఎదురుగా ఉన్నాడు. వెనకనుంచి ఏమైనా చప్పుడు వస్తోందా?"

దడ, దడ, దడమని ఫోన్లోంచి షెడ్డు దాకా వినిపించింది. ఎవరో కింద చెప్పుతో కొడుతున్నట్టే ఉంది. కోతగాడు లేచి నిలబడ్డాడు.

"బండి ఆపరా," ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"బ్రేకు తొక్కొద్దు." వెనకనుంచి ఇంకో గొంతు వచ్చింది. స్ట్రెచరు మీద పడుకున్న తాబేలుది. నింపాదిగా, పసివాడికి చెబుతున్నట్టు వాను డ్రైవరుకి చెప్పాడు. "తమ్ముడూ, బ్రేకు మీద కాలు పెట్టొద్దు. యాక్సిలరేటరు మెల్లగా వదులు. స్టీరింగు రెండు చేతులా పట్టుకో. అటు లాగినా ఇటు లాగినా తిప్పకు. అంతే. దాన్ని అలాగే పోనీ."

ఫట్టుమని పెద్ద చప్పుడయింది. రేకు చీరుకుపోతున్న మోత, ఒక ఆడమనిషి కేక. రోడ్డు మీద ఇనుము గీసుకుపోతున్న శబ్దం ఎంతకీ ఆగలేదు. ఆ శబ్దం సన్నబడి, ఇంకా సన్నబడి, ఆగింది.

"ఆగాం." ఇన్‌స్పెక్టరు గొంతు గుర్తుపట్టేట్టు లేదు. "అందరం ఉన్నాం. ఎవరికీ ఏం కాలేదు."

"దిగి మిగతా టైర్లు చూడు. గాడి అడుగున కట్టలున్నాయేమో చూడు."

తలుపు తెరుచుకున్న చప్పుడు, కంకర మీద బూట్లు. నిమిషం పైనే పట్టింది.

"లేవు," అన్నాడు. "తీగలు కనపడుతున్నాయి." బూట్ల చప్పుడు వాను దాకా వెనక్కి వచ్చింది. "డ్రైవరు తప్పు కాదు. నేనే రాసిచ్చేస్తాను. ఓనరు పేరు నాకు తెలుసు. కోసినవాడి పేరు చెప్పు. అందరూ వినాలి, స్పీకరు పెడుతున్నాను."

"సార్, ఆయనకి తెలీదు." తాబేలు గొంతు కంగారుగా అడ్డొచ్చింది. "ఎవరో ఊరూపేరూ లేనివాడు. వదిలెయ్యండి సార్. నామీదే ఉంచండి."

"నువ్వుండవయ్యా," అంది భార్య. ఆవిడ ఏడుస్తోంది. "చెప్పండి సార్. ఎవడు వాడు? ఆ తల్లిని పొట్టన పెట్టుకుని, మా ఆయన కాళ్లు తీసి, ఇప్పుడు మమ్మల్ని కూడా చంపబోయాడు. వాడి చేతులు పడిపోను. వాడి ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకుండా పోను."

డిటెక్టివ్ నోరు తెరిచాడు. తాబేలుని విడిపించే మాట నాలుక చివరే ఉంది. కోతగాడి వంక చూశాడు.

కోతగాడు రబ్బరు మసి పట్టిన చెయ్యి చాపి అతని చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"అక్కా," అన్నాడు. "నేనే."